సైకిల్‌కి ముందు లైటు, వెనుక లైటు ఎలా ఎంచుకోవాలి

సైకిల్ లైటు కొనేటప్పుడు అందరి కళ్లూ ముందు డబ్బా మీద పెద్దగా వేసిన ల్యూమెన్ల (వెలుగు కొలత) అంకె మీదకే పోతాయి. ఆ అంకెను చివర్లో చూడండి. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి నాలుగున్నాయి. మీరు వెళ్లే దారిలో వీధి దీపాలు ఉన్నాయా, ఎంత వేగంగా తొక్కుతారు, ఒకసారి చార్జ్ చేస్తే ఎన్ని గంటలు వెలగాలి, సైకిల్ ఆపిన చోట లైటు దానికే వదిలేస్తారా లేక తీసి జేబులో వేసుకుంటారా. వీటికి జవాబులు కాగితం మీద రాసుకుని అంగడికి వెళ్తే సగం లైట్లు వాటంతట అవే పక్కకు పోతాయి.

మొదట మీ దారి, మీ వేగం

ముందు లైటుకు రెండు పనులు. ఎదుటివాళ్లకు మీరు కనిపించాలి, మీకు రోడ్డు కనిపించాలి. వెనుక లైటుకు కనిపించడం ఒక్కటే పని. దారి పొడవునా వీధి దీపాలు ఉంటే రోడ్డు చూపించే పని అవే చేసిపెడతాయి. అలాంటప్పుడు ముందు లైటు 100 నుంచి 200 ల్యూమెన్లు ఉంటే సరిపోతుంది. కానీ మధ్యలో దీపాల్లేని రోడ్డు ఒక్క కిలోమీటరు ఉన్నా లెక్క మారుతుంది. లైటు కొనాల్సింది ఆ కిలోమీటరు కోసమే.

చీకటి రోడ్డు మీద వెలుగు ఎంత దూరం పడాలో మీ వేగాన్ని బట్టి ఉంటుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఐదున్నర మీటర్లు పోతారు. గుంత కంట్లో పడి, చేయి బ్రేకు మీదకు వెళ్లేసరికి ఒకటిన్నర సెకను గడుస్తుంది. అంటే 8 మీటర్లు దాటిపోయాయి. బ్రేకు పట్టాక సైకిల్ నిలబడడానికి పొడి రోడ్డు మీద ఇంకో 5 మీటర్లు పడుతుంది. మొత్తం కలిపి 13, 14 మీటర్లు. అదే గంటకు 30 కిలోమీటర్లయితే ఈ దూరం 24 మీటర్ల దాకా పోతుంది, తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. కాబట్టి నిదానంగా తొక్కేవాళ్లకు 15 మీటర్ల అవతల గుంత స్పష్టంగా కనిపించాలి, వేగంగా తొక్కేవాళ్లకు 30 మీటర్ల అవతల కనిపించాలి. ఇంత వెలుగు ఇవ్వడానికి మంచి అద్దం ఉన్న లైటుకు 300 నుంచి 500 ల్యూమెన్లు చాలు. రాళ్లు, చెట్ల వేర్లు ఉన్న అడవి బాటలకు అంతకు రెట్టింపు కావాలి గానీ అది రోజూ తిరిగే దారి సంగతి కాదు.

తర్వాత వెలుగు ఆకారం

ఇక్కడే కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే డబ్బా మీద స్పష్టంగా రాయని విషయం ఇదే.

ల్యూమెన్ అంటే లైటు నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుగు. ఆ వెలుగు ఎక్కడ పడుతోందో అది చెప్పదు. మామూలు టార్చిలాంటి లైటు గుండ్రంగా వెలుగు చిమ్ముతుంది. అందులో కింద సగం రోడ్డు మీద పడితే, పై సగం చెట్ల కొమ్మల మీదకు, ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లలోకి పోతుంది. మీరు డబ్బు పెట్టి కొన్న 800 ల్యూమెన్లలో సగం ఇలా వృథా కావడమే కాదు, ఎదుటివాడికి కళ్లు బైర్లు కమ్మి మిమ్మల్నే గుద్దే ప్రమాదం కూడా ఉంది.

ఇంకో రకం లైట్లున్నాయి. కారు హెడ్‌లైటులాగా వీటి వెలుగుకు పైన ఒక అడ్డగీత ఉంటుంది. గీత కింద వెలుగు, గీత పైన దాదాపు చీకటి. వీటిని కట్-ఆఫ్ బీమ్ లైట్లు అంటారు. జర్మనీలో సైకిళ్లకు ఇలా కళ్లలో పడని లైట్లే ఉండాలన్న నిబంధన ఉంది. దాని పేరు ఎస్‌టీవీజెడ్ఓ (StVZO). డబ్బా మీద ఆ అక్షరాలు కనిపిస్తే లైటు ఈ రకమే అనుకోవచ్చు. ఆ నిబంధన ప్రకారం వెలుగును లక్స్‌లో కొలుస్తారు. లక్స్ అంటే ఒక చదరపు మీటరు మీద ఎంత వెలుగు పడుతోందన్న లెక్క. 10 మీటర్ల దూరంలో కనీసం 10 లక్స్ ఉండాలి. ఇప్పుడు వచ్చే మంచి లైట్లు 40, 60, కొన్నయితే 100 లక్స్ కూడా ఇస్తాయి. చీకటి రోడ్డు మీద మామూలు వేగానికి 40 నుంచి 60 లక్స్ హాయిగా సరిపోతుంది. అయితే లక్స్ అంకె ఒక్కటే చూసి కూడా మోసపోవద్దు. వెలుగునంతా ఒకే సన్నటి చుక్కగా కూర్చినా లక్స్ పెద్దగానే వస్తుంది, కానీ మలుపు తిరిగేటప్పుడు రోడ్డు పక్క ఏముందో కనిపించదు. వెలుగు వెడల్పుగా, ముందు చక్రం దగ్గర నుంచి దూరం దాకా మచ్చలు లేకుండా పరుచుకోవాలి.

పరీక్షించడం తేలికే. గోడకు రెండు మూడు మీటర్ల దూరంలో లైటు పట్టుకుని వెలిగించండి. గుండ్రటి మచ్చ పడితే అది టార్చి రకం. పైన తిన్నగా కోసినట్టు గీత కనిపిస్తే కట్-ఆఫ్ రకం. నన్నడిగితే చీకటి రోడ్డుకు 300 ల్యూమెన్ల కట్-ఆఫ్ లైటు, 1000 ల్యూమెన్ల గుండ్రటి లైటు కన్నా మేలు. టార్చి రకం లైట్లు బొత్తిగా పనికిరావని కాదు. వీధి దీపాలున్న దారిలో తక్కువ వెలుగులో పెట్టి, కాస్త కిందకు వంచితే ఏ ఇబ్బందీ ఉండదు.

డబ్బా మీద అంకెలు నిజమా కాదా

దీనికి ఒక చిన్న గుణకారం చాలు. సైకిల్ లైట్లలో ఒక వాట్ కరెంటుకు సుమారు 100 ల్యూమెన్ల వెలుగు వస్తుంది. బ్యాటరీ ఎంతదో ఎంఏహెచ్‌లో రాసి ఉంటుంది. ఒకే సెల్ ఉన్న లైటయితే దాన్ని 3.7తో గుణించి 1000తో భాగిస్తే వాట్-అవర్లు, అంటే ఎన్ని వాట్లు ఎన్ని గంటలు ఇవ్వగలదన్న లెక్క, వస్తాయి. ఉదాహరణకు 2000 ఎంఏహెచ్ బ్యాటరీ 7.4 వాట్-అవర్లు. అంటే 740 ల్యూమెన్లు ఒక గంట, లేదా 370 ల్యూమెన్లు రెండు గంటలు. ఇంతకు మించి ఆ బ్యాటరీ నుంచి రాదు. అరచేతిలో పట్టే లైటు మీద "5000 ల్యూమెన్లు, 6 గంటలు" అని రాసి ఉంటే దానికి 300 వాట్-అవర్ల బ్యాటరీ కావాలి. కొన్ని ఎలక్ట్రిక్ సైకిళ్ల బ్యాటరీయే అంత ఉంటుంది! దాన్ని అక్కడే పెట్టేసి వచ్చేయండి.

పేరున్న కంపెనీల అంకెల్లోనూ ఒక మెలిక ఉంది. టార్చిలకు, లైట్లకు వాడే ఎఫ్ఎల్1 అనే ప్రమాణంలో, వెలుగు మొదట్లో ఉన్నదాంట్లో పదో వంతుకు పడిపోయే దాకా "వెలుగుతున్నట్టే" లెక్క. కాబట్టి "800 ల్యూమెన్లు, 2 గంటలు" అని రాసినంత మాత్రాన రెండు గంటలూ 800 ఉంటుందని అనుకోవద్దు. కొన్ని లైట్లు కొద్ది నిమిషాల్లోనే వేడెక్కి వాటంతట అవే వెలుగు తగ్గించుకుంటాయి. సైకిల్ కదులుతుంటే గాలి తగిలి చల్లబడతాయి, సిగ్నల్ దగ్గర ఆగితే తగ్గిపోతాయి.

అందుకే హై మోడ్ అంకెను కాదు, మీడియం మోడ్ ఎంతసేపు వస్తుందో చూడండి. రోజూ మీరు వాడేది అదే. మీ రోజు ప్రయాణానికి పట్టే సమయానికి కనీసం రెట్టింపు ఉండాలి. బ్యాటరీ పాతబడేకొద్దీ ఆ సమయం తగ్గుతుంది, చలికాలంలో ఇంకా తగ్గుతుంది. ఆ మిగులు అప్పుడు ఆదుకుంటుంది.

ఇంకో మాట. పైన చిన్న సోలార్ పలక అతికించిన లైట్లు కనిపిస్తాయి. ఐదు సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న పలక నడి ఎండలో కూడా అర వాట్ ఇస్తే గొప్ప. పైన చెప్పిన 7.4 వాట్-అవర్ల బ్యాటరీ నిండాలంటే పదిహేను గంటల నిట్టనిలువు ఎండ కావాలి. హారన్, స్పీడోమీటర్, పవర్ బ్యాంక్ అన్నీ ఒకే దాంట్లో ఉన్న లైట్ల జోలికి కూడా నేను పోను. వాటిలో ఒకటి పాడైతే అన్నీ పోయినట్టే.

కరెంటు ఎక్కడి నుంచి

చార్జింగ్ లైట్లు ఎక్కువమందికి సరిపోతాయి. యూఎస్‌బీ-సీ పోర్టు ఉన్నది తీసుకుంటే ఫోన్ చార్జరే పనికొస్తుంది. పోర్టు మూత బిగుతుగా మూసుకుంటోందా, రబ్బరు పల్చగా ఉందా మందంగా ఉందా చూడండి. ముందుగా పాడయ్యేది అదే. బ్యాటరీ ఎంత మిగిలిందో రంగుతోనో చుక్కలతోనో చూపించే లైటు కావాలి. చార్జింగ్ అయిపోవచ్చినప్పుడు ఒక్కసారిగా ఆరిపోకుండా, సన్నగా మారి ఇంకో అరగంటయినా వెలిగేది ఇంకా మంచిది.

చార్జింగ్ పెట్టడం తరచూ మర్చిపోయేవాళ్లు, ఏడాది పొడవునా పొద్దుపోయాక తొక్కేవాళ్లు డైనమో గురించి ఆలోచించవచ్చు. టైరుకు రాసుకుంటూ తిరిగే పాతకాలం డైనమో వానలో జారుతుంది, కాళ్లకు బరువు తెలుస్తుంది. ముందు చక్రం ఇరుసులోనే ఉండే హబ్ డైనమోకు ఆ బాధ లేదు. సాధారణంగా అది 6 వోల్టుల దగ్గర 3 వాట్లు ఇస్తుంది. పాత బల్బుల రోజుల్లో ఇది బొటాబొటిగా ఉండేది గానీ ఎల్ఈడీలు వచ్చాక ముందు, వెనుక లైట్లు రెండింటికీ బాగా సరిపోతోంది. ఇబ్బందల్లా ముందు చక్రం మొత్తం మార్చాల్సి రావడం, ఖర్చు మొదట్లోనే ఎక్కువ కావడం. తీసుకుంటే స్టాండ్‌లైట్ ఉన్నవే తీసుకోండి. సిగ్నల్ దగ్గర చక్రం ఆగినా లోపలి కెపాసిటర్‌లో నిలవున్న కరెంటుతో కొన్ని నిమిషాలు వెలుగుతూనే ఉంటాయి. ఎలక్ట్రిక్ సైకిలయితే పెద్ద బ్యాటరీ నుంచే లైటుకు కరెంటు తీసుకోవచ్చు. కాకపోతే కంట్రోలర్ (మోటారుకు కరెంటు పంపే పెట్టె) లైటుకు 6 వోల్టులు ఇస్తుందో 12 ఇస్తుందో కనుక్కోకుండా లైటు కొంటే కాలిపోవచ్చు.

వెనుక లైటు

ముందు లైటు ఆరిపోతే మీకు వెంటనే తెలుస్తుంది. వెనుకది ఆరిపోతే ఇంటికి చేరేదాకా తెలియదు. అందుకే వెనుక లైటులో వెలుగు కన్నా నమ్మకం ముఖ్యం. బటన్ గట్టిగా ఉండాలి, బ్యాగులో నొక్కుకుపోకూడదు. క్లిప్ గుంతల్లో ఊడిపోకూడదు. మోడ్‌లు తక్కువ ఉంటే మంచిది. ఆపి మళ్లీ వెలిగిస్తే మొన్న వాడిన మోడ్‌లోనే మొదలవ్వాలి. తొమ్మిది మోడ్‌లున్న లైటుకు చలిలో చేతి తొడుగులతో బటన్ నొక్కుతూ కావాల్సినది వెతుక్కోవడం చిరాకు.

రాత్రికి 20 నుంచి 50 ల్యూమెన్ల నిలకడ వెలుగు సరిపోతుంది. 100కు పైన ఉన్న మోడ్ పగటి ఎండలో కనిపించడానికి. రాత్రి దాన్ని వాడితే వెనుక వచ్చే సైకిల్‌వాళ్లు ముఖం పక్కకు తిప్పుకుని తొక్కాల్సి వస్తుంది. కొనేముందు లైటును పక్క నుంచి కూడా చూడండి. నేరుగా వెనుక నిలబడితేనే కనిపించి, ఓ పక్కకు జరిగితే మాయమయ్యే లైటు కూడళ్లలో పనికిరాదు.

వీలైతే వెనుక రెండు పెట్టుకోండి. ఒకటి సైకిల్‌కే స్క్రూలతో బిగించినది, రెండోది రబ్బరు బెల్టుతో తగిలించే చిన్నది. ఒకే ఖరీదైన లైటు కన్నా రెండు మామూలు లైట్లు నయం. బ్రేకు పట్టినప్పుడు ఇంకా గట్టిగా వెలిగేవి, వెనుక వచ్చే బండిని రాడార్‌తో పసిగట్టి చెప్పేవి కూడా ఉన్నాయి. ఊరి బయట ఖాళీ రోడ్ల మీద రాడార్ నిజంగానే పనికొస్తుంది. ట్రాఫిక్‌లో మాత్రం ఎప్పుడూ ఏదో ఒక బండి వెనుక ఉంటుంది కాబట్టి అది మోగుతూనే ఉంటుంది, టెన్షన్ తప్ప ఉపయోగం లేదు. రోడ్డు మీద లేజర్‌తో ఎర్ర గీతలు గీసే లైట్లు చూడడానికి సరదాగా ఉంటాయి, అంతే.

రంగుల విషయంలో ప్రయోగాలు వద్దు. 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం ప్రకారమే సైకిల్‌కు ముందు తెలుపు లేదా లేత పసుపు, వెనుక ఎరుపు. రంగును చూసే ఎదుటివాళ్లు మీరు వస్తున్నారో పోతున్నారో అర్థం చేసుకుంటారు.

బిగించడం, గురి పెట్టడం

ముందు లైటు హ్యాండిల్ మీద మధ్యలో ఉండాలి. బుట్ట ఉంటే దాని నీడ రోడ్డు మీద పడుతుంది. అప్పుడు బుట్ట ముందుకో, ఫోర్కు పైభాగానికో మార్చండి. వెనుక లైటు సీటు రాడ్ మీద పెడితే చాలాసార్లు పొడుగు చొక్కా అంచో, సీటు కింద సంచో దాన్ని కప్పేస్తుంది. క్యారియర్ ఉంటే దాని చివర బిగించడం అన్నిటికన్నా మేలు. బ్రిటన్ నిబంధనల్లో వెనుక లైటు నేల నుంచి 35 సెంటీమీటర్లకు పైన, 150 సెంటీమీటర్లకు లోపల ఉండాలని ఉంది. ఎక్కడున్నవాళ్లకైనా ఇది మంచి కొలతే. బ్యాక్‌ప్యాక్‌కు తగిలించిన లైటు మీరు ముందుకు వంగగానే ఆకాశం వైపు చూస్తుంది. హెల్మెట్ లైటు మీరు ఎటు చూస్తే అటు తిరుగుతుంది కాబట్టి మలుపుల్లో బాగుంటుంది, కానీ మీరు ఎవరి ముఖం చూస్తే వాళ్ల కళ్లలో పడుతుంది. అది అదనంగానే ఉండాలి, ఒక్కటే దిక్కు కాకూడదు.

గురి పెట్టడానికి చీకటి పడ్డాక గోడ ఎదుట 5 మీటర్ల దూరంలో చదునైన నేల మీద సైకిల్ నిలబెట్టండి. నేల నుంచి లైటు ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో సుద్దతో గీత గీయండి. కట్-ఆఫ్ లైటయితే దాని పై అంచు ఆ గీతకు ఓ 10 సెంటీమీటర్లు కిందుగా రావాలి. లైటు మీటరు ఎత్తులో ఉంటే వెలుగు 50 మీటర్ల దాకా పోయి నేలను తాకుతుంది, ఎవరి కళ్లలోనూ పడదు. గుండ్రటి వెలుగయితే బాగా మెరిసే మధ్య భాగం ఆ ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర పడేలా వంచండి. అది 15 మీటర్ల దగ్గర రోడ్డును తాకుతుంది. తర్వాత సీటు మీద ఎవరినైనా కూర్చోబెట్టి, మీరు ఓ వంద అడుగులు నడిచి వెళ్లి ముందు నుంచి, వెనుక నుంచి, పక్క నుంచి చూడండి. వెనుక లైటు నేల వైపు తిరిగి ఉందా, ఏదైనా కప్పేస్తోందా అన్నది ఇలా చూస్తే గానీ తెలియదు.

మిణుకు మిణుకుమనాలా, నిలకడగా వెలగాలా

పగలు మిణుకుమనడం మంచిదే, కంటిని లాగుతుంది. రాత్రి మాత్రం నిలకడ వెలుగే పెట్టండి. ఆరుతూ వెలుగుతూ ఉండే లైటు ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా పోతోందో వెనుక డ్రైవరు అంచనా వేయలేడు. మిణుకుమనేది కావాలనుకుంటే పూర్తిగా ఆరిపోకుండా, వెలుగు కాస్త పెరిగి తగ్గే పల్స్ మోడ్ వాడండి, లేదా రెండో లైటును అలా పెట్టి మొదటిదాన్ని నిలకడగా ఉంచండి. ఈ విషయంలో చట్టాలు దేశానికొక రకం. జర్మనీలో సైకిల్ మీద మిణుకుమనే లైటు నిషేధం. బ్రిటన్‌లో 2005 నుంచి అనుమతి ఉంది, నిమిషానికి 60 నుంచి 240 సార్ల మధ్య. మీ చోట ఏముందో ఒకసారి కనుక్కోండి.

పగలు కూడా లైటు అవసరమా అని అడిగేవాళ్లుంటారు. డెన్మార్క్‌లోని ఒడెన్సే నగరంలో 2004-05లో దాదాపు 3,800 మంది సైకిల్‌వాళ్లతో ఏడాదిపాటు ఒక ప్రయోగం చేశారు. కొందరికి రాత్రింబగళ్లు వెలిగే లైట్లు ఇచ్చారు, మిగతావాళ్లకు ఇవ్వలేదు. లైట్లున్నవాళ్లలో గాయాలైన ప్రమాదాలు 19 శాతం తక్కువగా నమోదయ్యాయి. పొద్దున్నే, సాయంత్రం వాలుగా ఎండ పడే వేళల్లో తొక్కేవాళ్లు పగటి లైటు వెలిగించడం మేలని నా అభిప్రాయం.

వాన, ఎండ, నిలవ

లైటు నీళ్లను ఎంత తట్టుకుంటుందో డబ్బా మీద ఐపీఎక్స్ పక్కన ఉన్న అంకె చెబుతుంది. ఐపీఎక్స్4 అని ఉంటే చినుకులను, చిందే నీళ్లను తట్టుకుంటుంది. ఎడతెరిపి లేని వానలో రోజూ తొక్కాలంటే ఐపీఎక్స్6 చూడండి. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని. మడ్‌గార్డ్ లేని సైకిల్‌కు వెనుక లైటు మీద బురద పేరుకుని వెలుగు సగం అయిపోతుంది, గుడ్డతో తుడుస్తూ ఉండండి. మంచు పడినప్పుడు హై మోడ్ పెడితే తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు, వెలుగు తగ్గించి లైటు కిందకు వంచాలి. కొన్ని నెలలు వాడకపోతే బ్యాటరీని సగం చార్జ్‌లో ఉంచి, ఎండ తగలని చోట పెట్టండి. పూర్తిగా ఖాళీ చేసి దాస్తే మళ్లీ చార్జ్ ఎక్కకపోవచ్చు.

రిఫ్లెక్టర్లను పీకేయకండి. వాటి మీద బండి లైటు పడితేనే మెరుస్తాయి, పక్క సందులోంచి వచ్చే బండికి ఆ వెలుగు ఆలస్యంగా అందుతుంది, కాబట్టి లైటుకు బదులు కావు. కానీ చార్జింగ్ అక్కర్లేనివి అవే. పెడళ్లకు ఉన్నవి పైకీ కిందకీ కదులుతుంటాయి గనుక అక్కడ తొక్కుతున్నది మనిషని చూసేవాళ్లకు త్వరగా తెలుస్తుంది.

చివరగా, బటన్ సెల్‌తో పనిచేసే చిన్న లైట్ల జత ఒకటి సీటు కింద సంచిలో పడేసి ఉంచండి. వాటితో రోడ్డు కనిపించదు, అసలు లైటు చచ్చిపోయిన రోజు మీరు ఎవరికైనా కనిపించడానికి మాత్రమే. సెల్‌కూ లైటుకూ మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టి ఉంచితే సంచిలో బటన్ నొక్కుకున్నా సెల్ అయిపోదు.